స్త్రీ బుద్ధి - శాస్త్రాల సాక్ష్యం

దివ్య ఖుర్‌ఆన్‌లోని ఆయతులన్నిటిలోనూ దీర్ఘమైనది బఖరా సూరాలోని 282వ ఆయతు. దాని విషయం అప్పు లావాదేవీలు. గడువు పెట్టుకొని అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు పత్రం రాయించుకోవాలనీ, ఇద్దరు పురుషులను సాక్షులుగా పెట్టుకోవాలనీ, ఇద్దరు పురుషులు దొరకనప్పుడు ఒక పురుషుణ్ణీ ఇద్దరు స్త్రీలనూ పెట్టుకోవాలనీ అందులో ఆదేశం ఉంది. స్త్రీలు ఇద్దరు ఎందుకంటే ఒకరు పొరపడితే మరొకరు గుర్తుచేయడానికి అని కారణం కూడా అక్కడే ఉంది. ఆయతు చెప్పినది ఇంతవరకే. ఆ స్త్రీ ఎందుకు పొరపడుతుంది, ఎందుకు మరచిపోతుంది అన్న ప్రశ్నకు ఆయతు జవాబు చెప్పలేదు. జవాబు చెప్పినవారు వ్యాఖ్యాతలు. ఏ శతాబ్దపు వ్యాఖ్యాత ఆ శతాబ్దపు విద్యతోనే జవాబు చెప్పాడన్నది తఫ్సీర్ గ్రంథాలను పక్కపక్కన పెట్టి చూసినవారికి వెంటనే తెలిసిపోతుంది.

ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ (మరణం 1210) తన మహా తఫ్సీర్‌లో ఈ ఆయతు దగ్గర ఇచ్చిన వివరణ ప్రసిద్ధమైనది. స్త్రీల మిజాజులో చలువ, తేమ ఎక్కువ కాబట్టి మరపు వారి స్వభావంలో అధికమని ఆయన అన్నారు. ఈ మాట ఖుర్‌ఆన్ నుండి వచ్చినది కాదు, హదీసు నుండి వచ్చినదీ కాదు. అది యవన వైద్యుడు జాలీనూస్ నుండి వచ్చినది. వేడి, చలువ, తేమ, పొడి అనే నాలుగు గుణాలతో మనిషి దేహాన్నీ మనసునూ వివరించే ఆ వైద్యం హైదరాబాదులోని యునానీ హకీముల వద్ద ఈనాటికీ వినవచ్చే భాషే. రాజీ గారిని తప్పుపట్టడానికి ఇక్కడ తావు లేదు. తన కాలంలో విద్యావంతులందరూ నిర్వివాదంగా నమ్మిన వైద్యశాస్త్రాన్ని ఆయన వాడుకున్నారు. అయితే ఆ వైద్యం వెనుకబడి పోయిన తరువాత కూడా వివరణ మాత్రం ఆయతుకు అంటుకొనే ఉండిపోయింది. చదివేవారికి ఆయతు ఎక్కడ ముగిసిందో, జాలీనూస్ ఎక్కడ మొదలయ్యాడో తెలియకుండా పోయింది.

ఏడు వందల సంవత్సరాల తరువాత కైరోలో షేక్ ముహమ్మద్ అబ్దుహు (మరణం 1905) ఇదే ఆయతును బోధిస్తూ ఆ పాత వివరణను తిరస్కరించారు. ఆయన పాఠాలను రషీద్ రిజా 'తఫ్సీరుల్ మనార్'లో పొందుపరచారు. కారణం మిజాజు కాదని, ధన లావాదేవీలు స్త్రీల నిత్యవ్యాపకం కాకపోవడమే కారణమని ఆయన వాదన. మనిషికి తన వ్యాపకంలో ఉన్న విషయం గుర్తుంటుంది, లేనిది గుర్తుండదు. ఇంటి వ్యవహారాలలో స్త్రీ జ్ఞాపకం పురుషుని జ్ఞాపకం కంటే బలమైనది. ఒకే ఆయతుకు ఒక వ్యాఖ్యాత దేహాన్ని కారణంగా చూపగా మరొకరు సమాజాన్ని కారణంగా చూపారు. ఆధునిక విశ్వవిద్యాలయాలలో ఈనాడు సాగుతున్న పెద్ద వివాదం మదరసా గోడల మధ్య ముందే ఉన్నదన్న సంగతి చాలామంది దృష్టికి రాలేదు.

ఇమామ్ ఇబ్ను ఖయ్యిమ్ (1292-1350) మరికొంత ముందుకు వెళ్ళారు. ఈ ఆయతు హక్కుదారు తన హక్కును భద్రపరచుకోవడానికి ఏ విధంగా జాగ్రత్తపడాలో చెబుతున్నదే గాని, న్యాయమూర్తి ఏ సాక్ష్యంతో తీర్పు చెప్పాలన్న హద్దును నిర్ణయించడం లేదని ఆయన అభిప్రాయం. సత్యసంధతలోనూ నమ్మకంలోనూ ధర్మనిష్ఠలోనూ స్త్రీ పురుషునితో సమానమేనని ఆయన అంగీకరించారు. మరొక విషయం ఉంది. హదీసు నివేదనలో ఒక్క స్త్రీ మాట ఒక్క పురుషుని మాటతో సమానంగా స్వీకరించబడింది. వెయ్యి దీనార్ల అప్పుకు ఇద్దరు స్త్రీలు కావాలన్న ఉలమాయే, ఉమ్మతు అంతటికీ వర్తించే ఒక ధర్మాదేశానికి హజ్రత్ ఆయిషా (రజి) ఒక్కరి నివేదన చాలునన్నారు. మరపు స్త్రీ మెదడులోనే ఉన్న లోపమైతే హదీసుకు అది అడ్డు రావలసింది. రాలేదు. హదీసు నివేదకుల బలహీనతలను నిర్దాక్షిణ్యంగా ఎంచిన హాఫిజ్ జహబీ (మరణం 1348) అబద్ధమాడినట్లు నింద పడిన స్త్రీ నివేదకురాలు ఒక్కతె కూడా తనకు తెలియదని రాశారు. 11వ శతాబ్దిలో మక్కాలో కరీమా మర్వజియ్యా వద్ద సహీహ్ బుఖారీ చదివినవారిలో ఖతీబ్ బగ్దాదీ అంతటి పండితుడు ఉన్నారు.

ఇమామ్ షాఫిఈ గారి తల్లి గురించిన ఒక కథనం ఈ సందర్భంలో చెప్పుకోదగినది. ఆమె మరొక స్త్రీతో కలిసి మక్కా ఖాజీ ముందు సాక్ష్యం చెప్పడానికి వెళ్ళగా, ఖాజీ ఇద్దరినీ వేరుచేసి విచారించబోయాడట. ఒకరు మరొకరికి గుర్తుచేయాలని ఆయతు చెబుతుంటే వేరుచేయడానికి వీలు లేదని ఆమె అక్కడే ఆక్షేపించింది, ఖాజీ ఒప్పుకున్నాడు. స్త్రీ మరపుకు రుజువుగా ఎత్తిచూపే ఆయతును ఒక స్త్రీయే ఖాజీకి గుర్తుచేసిందన్నమాట.

బుఖారీలో అబూ సయీద్ ఖుద్రీ (రజి) నివేదించిన, స్త్రీల బుద్ధికొరత ప్రస్తావన ఉన్న హదీసు కూడా ఉపన్యాసాలలో తరచు వినిపిస్తుంది. ఆ కొరత ఏమిటని స్త్రీలు అక్కడే అడిగారు. దైవప్రవక్త (స) ఇచ్చిన జవాబు ఈ సాక్ష్య నియమమే. తల పరిమాణం, మిజాజు, రక్తం, వీటి ప్రస్తావన అందులో లేదు. ప్రవక్త (స) స్వయంగా వివరించి ఆపిన చోట ఆపకుండా ముందుకు పోయేవారు ఆయన మాటకు మరొకరి మాటను చేరుస్తున్నారని గ్రహించాలి.

విజ్ఞానశాస్త్రమంటే ఎల్లప్పుడూ స్త్రీని తక్కువ చేసేదనీ, మతమంటే ఎల్లప్పుడూ దానికి తలూపేదనీ అనుకోవడం కూడా పొరపాటు. అరస్తూ గ్రంథాల ప్రకారం సంతానానికి రూపం ఇచ్చేది పురుషబీజమే, స్త్రీ పదార్థం మాత్రం ఇస్తుంది. స్త్రీ పూర్తి కాని పురుషుడివంటిది. ఇబ్ను సీనా మొదలైన తత్త్వవేత్తలకు అరస్తూ మాట తీసివేయడం కష్టమైంది. ఉలమాకు కాలేదు. ఎందుకంటే ఉమ్ము సులైమ్ (రజి) సంకోచం లేకుండా అడిగిన ఒక ప్రశ్నకు జవాబుగా, స్త్రీకి కూడా బీజం ఉన్నదనీ, లేకుంటే బిడ్డకు తల్లి పోలిక ఎలా వస్తుందనీ ప్రవక్త (స) చెప్పిన హదీసు వారి చేతిలో ఉంది. ఇబ్ను ఖయ్యిమ్ దీని ఆధారంతోనే అరస్తూ పక్షాన్ని విడిచి ఇద్దరి బీజమూ అవసరమన్న పక్షాన్ని సమర్థించారు. యూరపులో ఫాన్ బేయర్ క్షీరదాల అండాన్ని సూక్ష్మదర్శినిలో చూసినది 1827లో. ఇక్కడ కూడా ఒక హెచ్చరిక అవసరం. ఈ హదీసును జీవశాస్త్ర పాఠంగా మార్చి గర్వపడడం మొదలుపెడితే రాజీ గారి చలువ, తేమల దారినే మళ్ళీ పట్టినట్లవుతుంది.

సమాజమే స్త్రీని ఇలా చేసిందన్న మాటను స్పష్టంగా అన్న ముస్లిం ఆలోచనాపరుడు ఇబ్ను రుష్ద్ (1126-1198). ఖుర్తుబా నగరానికి ఖాజీ, 'బిదాయతుల్ ముజ్తహిద్' రచయిత. అఫ్లాతూన్ 'రాజ్యం'పై ఆయన రాసిన వ్యాఖ్య అరబీ మూలం పోయి హెబ్రూ అనువాదంలో మిగిలింది. స్త్రీ పురుషుల స్వభావం ఒక్కటేనని, తేడా ఎక్కువ తక్కువలలోనేనని, తమ నగరాలలో స్త్రీలను కనడానికీ పెంచడానికీ మాత్రమే పరిమితం చేయడం వల్ల వారి సామర్థ్యం ఏమిటో తెలియకుండా పోయిందని ఆయన అందులో వాదించారు. ఆ స్థితిలో వారు మొక్కలను పోలి ఉన్నారన్నారు. సగం జనాభాను పనిలేకుండా పోషించడం ఆ నగరాల పేదరికానికి ఒక కారణమని కూడా చూపారు. ఆ పుస్తకాన్ని అండలూసియాలో ఎంతమంది చదివారోగాని, యూదులు కాపాడి ఉండకపోతే ముస్లింలకు దాని జాడే దొరికేది కాదు.

ఇక యూరపు సంగతి. 19వ శతాబ్దిలో అక్కడ తూనిక, కొలత అన్నిటికీ రుజువులయ్యాయి. పారిస్‌లో పాల్ బ్రోకా ఆసుపత్రులలో మరణించినవారి మెదళ్ళను తూచాడు. 292 పురుషుల మెదళ్ళ సగటు 1325 గ్రాములు, 140 స్త్రీల మెదళ్ళ సగటు 1144 గ్రాములు, తేడా 181 గ్రాములు. అంకెలు నిజమే. బ్రోకా తూనికలో మోసం లేదు. చిక్కు తూనిక తరువాత వచ్చింది. స్త్రీలు పొట్టివారు, చిన్నదేహులు, తేడాలో కొంత భాగం అందువల్లనే అని బ్రోకాకు తెలుసు. ఎంత భాగమో లెక్క వేయలేదు. స్త్రీలు సగటున కొంచెం తక్కువ తెలివిగలవారని ముందే తెలుసు కదా అన్న ధోరణిలో దాటవేశాడు. దేనిని రుజువు చేయాలో దానినే ఆధారంగా తీసుకున్నాడు. ఆయన లెక్కించిన స్త్రీలు పురుషులకంటే వయసు పైబడినవారు కూడా. వయసుతో మెదడు బరువు తగ్గుతుంది. దాదాపు వంద సంవత్సరాల తరువాత అమెరికన్ శాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్ ఆ అంకెలనే తీసుకొని ఎత్తునూ వయసునూ సరిచేస్తే 181 గ్రాముల తేడా 113కు దిగింది. దేహపుష్టిని ఇంకా లెక్కలోకి తీసుకోకుండానే. బ్రోకా శిష్యవర్గంలోని గుస్తావ్ లె బాన్ 1879లో స్త్రీల మెదళ్ళను గొరిల్లాల మెదళ్ళతో పోల్చి, స్త్రీలకు ఉన్నత విద్య ప్రమాదకరమని రాశాడు. ఆ వర్గంలోనే లెయోన్స్ మనూవ్రియే ఈ లెక్కలను గట్టిగా ఖండించాడన్నది మాత్రం అంతగా ప్రచారానికి రాలేదు.

మ్యూనిక్‌లో బిషోఫ్ అనే శరీరశాస్త్రజ్ఞుడు 1872లో ఈ బరువుల ఆధారంతోనే స్త్రీలు వైద్యవిద్యకు తగరని పుస్తకం రాశాడు. ఆయన 1882లో మరణించాక ఆయన మెదడును తూస్తే 1245 గ్రాములు తూగింది. స్త్రీలకు ఆయన నిర్ణయించిన సగటుకంటే కొంచెం తక్కువే. ఇది పరిహాసానికి పనికి వచ్చే సంగతి. వాదానికి అసలైన దెబ్బ లండన్‌లో ఆలిస్ లీ అనే గణితజ్ఞురాలు కొట్టింది. కార్ల్ పియర్సన్ వద్ద పనిచేస్తూ ఆమె బతికి ఉన్నవారి తల కొలతలనుబట్టి కపాల పరిమాణాన్ని లెక్కించే పద్ధతి కనిపెట్టింది. 1898లో డబ్లిన్‌లో సమావేశమైన శరీరశాస్త్రజ్ఞుల తలలను కొలిచి, ఆ జాబితాను 1901లో ప్రచురించింది. పేరుమోసిన కొందరు పండితుల తలలు ఒక బాలికల కళాశాల విద్యార్థినుల తలలకంటే చిన్నవిగా తేలాయి. ఆ పండితులకు రెండు దారులు మిగిలాయి. తమ బుద్ధి తక్కువదని ఒప్పుకోవాలి, లేదా కపాలవాదాన్ని వదలాలి.

అమెరికాలో ఇదే వాదం మరో రూపం ధరించింది. బోస్టన్ వైద్యుడు ఎడ్వర్డ్ క్లార్క్ 1873లో రాసిన పుస్తకంలో, చదువుకునే బాలిక రక్తమంతా మెదడుకు పోయి గర్భాశయం ఎండిపోతుందని హెచ్చరించాడు. ఆధారం ఏడుగురు రోగుల కథలు. మేరీ పట్నమ్ జేకోబి అనే వైద్యురాలు 268 మంది స్త్రీల జవాబులు సేకరించి, నాడినీ బలాన్నీ కొలిచి, ఋతుకాలంలో విశ్రాంతి తప్పనిసరి అన్న మాట నిలవదని చూపింది. ఆ వ్యాసానికి 1876లో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు బాయిల్‌స్టన్ బహుమతి లభించింది. 1914లో లేటా హాలింగ్‌వర్త్ 23 మంది స్త్రీలను నెలల తరబడి పరీక్షించి, ఋతుకాలంలో వారి బుద్ధిశక్తి మందగిస్తుందన్న నమ్మకానికి ఆధారం దొరకలేదని ప్రకటించింది. గమనించవలసిన విషయం: ఈ అంకెలను తిరిగి లెక్కించినవారిలో స్త్రీలే ప్రముఖులు. పురుష శాస్త్రవేత్తలు అబద్ధాలాడారని దీనికి అర్థం కాదు. అనుమానించవలసిన అవసరం వారికి తోచలేదు.

ఆ వాదాలు ముస్లిం దేశాలకు వచ్చిన దారి విచిత్రమైనది. 1880లలో కైరో పత్రిక 'అల్ ముఖ్తతఫ్'లో స్త్రీ శరీరం, మెదడు పురుషునికంటే తక్కువవని శాస్త్రం పేరిట రాసినవాడు షిబ్లీ షుమయ్యిల్. ఆయన ఆలిమ్ కాదు. డార్విన్ సిద్ధాంతాన్ని అరబీలోకి తెచ్చిన భౌతికవాది. 1899లో ఖాసిమ్ అమీన్ 'తహ్రీరుల్ మర్అ'లో స్త్రీల వెనుకబాటు తరతరాలుగా వారికి చదువు, పని లేకపోవడంవల్లనేనని రాస్తే, ఆయన తరువాతి పుస్తకానికి జవాబుగా ముహమ్మద్ ఫరీద్ వజ్దీ 'అల్ మర్అతుల్ ముస్లిమా' రాశారు. అందులో ఇస్లాం పక్షాన సాక్షులుగా నిలబెట్టబడినవారు ఆగస్టు కామ్టే, ప్రూధాన్ మొదలైన ఫ్రెంచివారు. ఒకరు మతయుగం ముగిసిందన్నవాడు, మరొకరు మతానికి బాహాటంగా శత్రువు. మౌలానా అబుల్ కలాం ఆజాద్ దానిని 'ముసల్మాన్ ఔరత్' పేరుతో ఉర్దూలోకి తేగా, హిందుస్థాన్‌లోని ముస్లిం ఇళ్ళలోకి ఆ సాక్షులు కూడా ప్రవేశించారు.

మౌలానా మౌదూదీ 'పర్దా' గ్రంథానికి దక్కనుతో నేరుగా సంబంధం ఉంది. 1933 నుండి ఆయన హైదరాబాదులో 'తర్జుమానుల్ ఖుర్‌ఆన్' పత్రికకు సంపాదకులు. ఆ రోజులలో అందులో వెలువడిన వ్యాసాలే తరువాత ఆ పుస్తకమయ్యాయి. పాశ్చాత్య నాగరికతలో కుటుంబం విచ్ఛిన్నమవుతున్న తీరుపై ఆయన చేసిన విమర్శలో బలం ఉంది. స్త్రీని మార్కెట్టు సరుకుగా చేయడాన్ని ఆయన ఎండగట్టిన పుటలు ఈనాటికీ చదవదగినవే. బలహీనమైనవి శరీరశాస్త్రం పుటలు. ఋతుకాలంలో స్త్రీ మానసిక స్థితి గురించి ఆయన ఉదహరించిన యూరోపియన్ వైద్యుల మాటలు జేకోబి, హాలింగ్‌వర్త్ అప్పటికే ప్రశ్నించిన తరహావే. స్త్రీ జీవితం జీవశాస్త్రపరమైన విషాదమని రాసిన సోవియట్ ఆచార్యుడు నెమిలోవ్ కూడా ఆ సాక్షులలో ఒకడు. ఋతుకాలంలో నమాజు మినహాయింపు అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యం. దానికి రష్యా ఆచార్యుని సమర్థన ఎందుకు అవసరమైంది? పాశ్చాత్యులను వారి మాటలతోనే ఓడించాలన్న ఉద్దేశం అర్థం చేసుకోదగినదే. కాని శత్రువు ఆయుధశాలనుండి తెచ్చిన కత్తికి శత్రువు వేసిన తుప్పు కూడా వెంట వస్తుంది.

దీని ఫలితం రెండు విధాలుగా కనిపిస్తుంది. పాఠశాల మాన్పించిన ఆడపిల్ల ఒకవైపు. ఆమె తండ్రి చూపిన కారణం షరీఅతు పేరు మీద ఉన్నా, ఆ కారణం వయసు కొన్నిసార్లు నూట యాభై సంవత్సరాలే, ఊరు పారిస్ లేదా బోస్టన్. విద్యార్జన ప్రతి ముస్లింకూ విధి అన్న బోధ పక్కనే ఉన్నా అది వినిపించలేదు. హైదరాబాదులో సుగ్రా హుమాయూన్ మీర్జా (1884-1958) 'అన్నిసా' పత్రిక నడిపి, బాలికలకు పాఠశాల స్థాపించిన కాలంలో ఆమె ఎదుర్కొన్న సమాజం ఇదే. మరొకవైపు, మెదడు బరువు ఇస్లాం సత్యానికి రుజువని చిన్నప్పుడు విన్న యువకుడు. కళాశాలలో ఆ రుజువు పడిపోయిందని తెలిసిననాడు అతడు దానితోపాటు దేనిని వదులుకుంటాడో ఉపన్యాసకులు ఆలోచించడం లేదు.

నేటి ఉపన్యాసాలలో గ్రాముల చోట మెదడు చిత్రాలు వచ్చాయి. 1982లో మెదడు రెండు భాగాలను కలిపే నరాల వంతెన స్త్రీలలో పెద్దదని ఒక వ్యాసం వెలువడింది. చూసిన మెదళ్ళు మొత్తం 14. దానిపై పత్రికలూ పుస్తకాలూ ఎన్నో మేడలు కట్టాయి. 1997లో 49 పరిశోధనలను కలిపి లెక్కిస్తే చెప్పుకోదగిన తేడా తేలలేదు. అమెరికాలో 1983లో బాల్యంలోనే గణిత పరీక్షలో అత్యధిక మార్కులు పొందినవారిలో బాలురు 13 మందికి ఒక బాలిక అని ప్రకటించారు. ఇది ప్రకృతి నియమమే అన్నట్లు ప్రచారం జరిగింది. ఒక తరం గడిచేసరికి ఆ నిష్పత్తి నలుగురికి ఒకరు వరకు దిగింది. ముప్పై సంవత్సరాలలో రక్తం మారదు, బడి మారుతుంది. 2014లో గణితంలో ఫీల్డ్స్ పతకం పొందిన తొలి స్త్రీ మర్యమ్ మీర్జాఖానీ టెహరాన్ బాలికల పాఠశాలలో చదివినది.

దీనినిబట్టి తేడాలే లేవని చాటేవారూ నిజానికి దూరమే. పురుషుల మెదడు సగటున పదవ వంతుకు పైగా పెద్దదన్నది ఈనాటికీ నిలిచిన కొలత. 2015లో డాఫ్నా జోయెల్ బృందం 1400కు పైగా మెదడు చిత్రాలు పరిశీలించి, చాలా మెదళ్ళు స్త్రీ లక్షణాలూ పురుష లక్షణాలూ కలగలిసినవేనని చెప్పింది. మరికొందరు కంప్యూటర్ సహాయంతో మెదడు చిత్రం చూసి స్త్రీదో పురుషునిదో చాలావరకు సరిగా గుర్తించవచ్చని బదులు చెప్పారు. 2021లో లీజ్ ఎలియట్ బృందం చేసిన సమీక్షలో, మొత్తం పరిమాణం తేడాను తీసివేస్తే మిగిలేది సుమారు 1 శాతమే అని తేలింది. దేహానికి సంబంధించిన చోట తేడాను విస్మరించడం కూడా అన్యాయమే. నిద్రమందు జోల్పిడెమ్ స్త్రీల దేహంలో ఎక్కువసేపు నిలుస్తుందని గుర్తించి అమెరికా ప్రభుత్వం వారి మోతాదును సగం చేసినది 2013లో. అంతకు ముందు దశాబ్దాలపాటు కొత్త మందుల తొలి పరీక్షలలో స్త్రీలను చేర్చుకోకుండా ఉంచారు. స్త్రీ పురుషులు బుద్ధిలో వేరన్న శాస్త్రమే, మందు దగ్గర మాత్రం ఇద్దరినీ ఒకటిగా లెక్కించింది.

తేడాలకు ఆధారంగా ఎక్కువగా ఉదహరించే మరొక ఆయతు ఆలి ఇమ్రాన్ సూరాలోని 36వది. మగబిడ్డ ఆడబిడ్డవంటివాడు కాడన్న మాట అక్కడ వస్తుంది. వెనుకటి ఆయతు చదవకుండా దీనిని చదివితే అది ఒక సాధారణ సిద్ధాంతంలా తోస్తుంది. ఇమ్రాన్ భార్య తన గర్భంలోని బిడ్డను ఆలయసేవకు మొక్కుకున్నది. ఆ సేవకు ఆడపిల్లలను తీసుకునే ఆచారం లేదు. పుట్టినది ఆడపిల్ల. ఆమె విచారానికి కారణం ఆనాటి ఆచారం. ఆమె కోరిన మగబిడ్డ ఆమెకు ప్రసాదింపబడిన ఈ ఆడబిడ్డకు సాటిరాడన్న అర్థాన్ని కూడా జమఖ్షరీ, బైదావీ వంటి వ్యాఖ్యాతలు చెప్పారు. వెంటనే 37వ ఆయతులో ప్రభువు ఆ ఆడబిడ్డను చక్కగా స్వీకరించాడు. ఆచారం కాదన్నది అంగీకృతమైంది. ఆ బిడ్డే హజ్రత్ మర్యమ్ (అలైహస్సలాం).

పాత గ్రంథాలను మళ్ళీ అచ్చువేసే ప్రచురణకర్తల ముందు ఇప్పుడు ఒక చిన్న పని ఉంది. వజ్దీ, ఆజాద్, మౌదూదీ గార్ల రచనలను మార్చనవసరం లేదు, మార్చకూడదు కూడా. శరీరశాస్త్రపు అంకె వచ్చిన ప్రతి చోటా అది ఎవరిది, ఏ సంవత్సరానిది, తరువాత దాని గతి ఏమైంది అన్నది పుట అడుగున రెండు పంక్తులలో తెలపాలి. తఫ్సీర్ అనువాదకులు రాజీ గారి వివరణ పక్కన అబ్దుహు గారి వివరణనూ ఇవ్వాలి. హదీసును ఎవరు ఎవరి నుండి విన్నారో పేరు పేరునా అడిగి తెలుసుకున్న సమాజానికి ఈ అంకెల ఇస్నాద్ అడగడం కొత్త విద్య కాదు.